పొడుగు కాలువ ఐసు మేస్త్రి

యోరికె పిరికిది. రీట్‌వేర్ పేటలో ఎవరినడిగినా ఈ మాట చెబుతారు, అదీ ఆమె ముందే చెబుతారు. చిన్నప్పుడు తీతువు వీధి పిల్లలంతా గడ్డకట్టిన కాలువ మీదికి ఎగిరి దూకుతుంటే, ఆమె స్కేట్ల తాళ్ళు బిగించుకుని గట్టు మీదే కూర్చునేది. ఎవరైనా రమ్మని పిలిస్తే "ముందు నువ్వెళ్ళు" అనేది. ఆ మాటే ఆమెకు పేరైపోయింది. బడిలో అదే పేరు, చర్చిలో అదే పేరు. పెళ్ళినాడు పెళ్ళికొడుకు తైస్ స్నేహితులు కూడా చర్చి గుమ్మంలో నిలబడి, "ముందు నువ్వెళ్ళవోయ్ తైస్, ఆమె నీ వెనక వస్తుంది" అని నవ్వారు.

పెద్ద చదువుకు ఖ్రోనింగన్ వెళ్ళి రసాయనశాస్త్రం చదివింది. చదువుకుంటే భయం పోతుందని వాళ్ళమ్మ ఆశపడింది. యోరికె విషయంలో చదువు ఆ భయానికి లెక్కలు మాత్రం నేర్పింది. పొయ్యి వెలిగిస్తే గాలిలో ఏం చేరుతుందో, చన్నీళ్ళలో పడితే ఊపిరి ఎలా బిగుసుకుంటుందో ఇప్పుడు ఆమెకు కారణాలతో సహా తెలుసు. తిరిగి వచ్చి కాంపెన్ ఊరి జున్ను కర్మాగారంలో పరీక్షగదిలో పనికి కుదిరింది. ఇల్లు మళ్ళీ రీట్‌వేర్‌లోనే, అదే తీతువు వీధిలోనే తీసుకున్నారు. కూతురు ఫెన్నా పుట్టాక ఆ భయానికి ఒక చిరునామా దొరికింది.

రీట్‌వేర్ పేటంతా నది మట్టానికి దిగువనే ఉంటుంది. ఊరికి రాయి కోటగుమ్మాలూ చర్చి గోపురాలూ ఉంటే ఈ పేటకి ఉన్నవల్లా ఒకే మాదిరి ఇటుక ఇళ్ళు, తెరలు వేయని పెద్ద కిటికీలు, ప్రతి పెరటి చివరా నీళ్ళు. ఊళ్ళోవాళ్ళు "అక్కడేముంది, బాతులూ సైకిళ్ళూ తప్ప" అంటారు. ఫెన్నా నడక నేర్చిన రోజు ఇంటిల్లిపాదీ చప్పట్లు కొడుతుంటే, పెరటి తలుపు నుంచి కాలువ దాకా ఆ పిల్లకి ఎన్ని అడుగులు పడతాయా అని యోరికె చూసుకుంది.

ఈదడం నేర్పించారు. చొక్కా, బూట్లు వేసుకుని ఈది ఫెన్నా పరీక్ష కూడా నెగ్గింది. తైస్ కేకు తెచ్చాడు. యోరికె మాత్రం, ఆ కొలనులో నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి కదా అనుకుంది.

అలాంటి మనిషి, కాలువ ఐసు మందం కొలిచి దిగొచ్చో లేదో చెప్పే ఐసు మేస్త్రి ఎలా అయిందన్నది పేటలో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకునే సంగతి. పేట స్కేటింగ్ సంఘం ఏటా చెక్కషెడ్డులో సమావేశమవుతుంది. కాలువ గట్టుకి కంచె వేయించమని అడగడానికి ఆమె వెళ్ళింది.

"కంచె వేస్తే బాతులెలా ఎక్కుతాయమ్మా?" అన్నాడు బెరెన్డ్. సంఘానికి ట్రాక్టరు, పంపు, ఒంటి బలం అన్నీ ఆయనే.

"బాతులకి ఈత వచ్చు" అంది యోరికె.

"మీ అమ్మాయికీ వచ్చుగా."

అందరూ నవ్వారు. నవ్వు ఆగాక పాత ఐసు మేస్త్రి విఖర్ తాత గొంతు సవరించుకున్నాడు. ఆయన మోకాళ్ళు పాడయ్యాయి. ఐసు మీదికి దిగి కొలిచే ఓపిక లేదు. ఈ పని ఎవరు తీసుకుంటారని అడిగితే ఎవరూ చెయ్యెత్తలేదు. చాలా ఏళ్ళుగా ఐసే కట్టడం లేదు, కడితే మాత్రం అందరి నోటా తిట్లు తినాల్సింది మేస్త్రే.

"ఈ పిల్లకివ్వండి" అన్నాడు తాత.

"ఎవరికి, 'ముందు నువ్వెళ్ళు'కా?" అంది పక్కింటి డీని, చేతిలో కాఫీ ఒలకబోసుకుంటూ.

"ఆమెకే. ధైర్యవంతుల్ని చాలామందిని చూశాను. నాకు భయపడే మనిషి కావాలి."

కంచె అడగబోయి, ఐసు తొలిచి కొలిచే బరమా పట్టుకుని ఇంటికొచ్చింది యోరికె. తైస్ చాలాసేపు నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఒద్దంటే ఆ పని బెరెన్డ్‌కి పోతుంది. బెరెన్డ్ కొలవడు, దూకి చూస్తాడు.

తర్వాత చలికాలాలు తడిగా, బురదగా గడిచిపోయాయి. ఐసు లేని ఊళ్ళో ఐసు మేస్త్రి అని వెక్కిరించారు. "ఏం మేస్త్రీ, మీ ఫ్రిజ్‌లో ఐసు ఎలా ఉంది, నిలబడొచ్చా?" అని డీని కంచె మీంచి అడిగేది. యోరికె ఆదివారాలు విఖర్ తాత దగ్గర కూర్చుని వినేది. నల్లగా, అద్దంలా ఉన్న ఐసు మంచిది. తెల్లటిది మోసం. వంతెన కింద ఎప్పుడూ పలచనే. ఒకసారి తాత కప్పులోని కాఫీ మీద బిస్కెట్టు తేల్చి చూపించాడు.

"చూడమ్మా, ఐసు మనల్ని మొయ్యదు. నీళ్ళు ఐసుని మోస్తాయి, ఐసు మన బరువుని పంచుతుంది, అంతే. కింద నీళ్ళు లేకపోతే ఎంత మందమైనా అది ఉత్త రేకు."

"కింద నీళ్ళు ఎక్కడికి పోతాయి తాతా?"

"పోవు. రెండు కొసలా కట్ట వేస్తాం కదా" అన్నాడు తాత.

ఒక జనవరిలో గాలి తూర్పుకి తిరిగింది. మొదటి రాత్రికే బాతులు ఒకచోట గుమిగూడాయి. మర్నాటి నుంచి పేటంతా యోరికె కిటికీలోకి చూడటం మొదలుపెట్టింది. రొట్టెల కొట్లో అమ్మాయి చేతిలో రొట్టె పట్టుకునే, ముందు ఐసు సంగతి చెప్పమంది. సంఘం మైదానాన్ని ఆమె తొందరగానే తెరిచింది. అది ఏటా నీళ్ళు పట్టి ఉంచే పచ్చికబయలు. పగిలినా మోకాళ్ళు తడుస్తాయి, అంతే. కానీ పేట కళ్ళన్నీ పొడుగు కాలువ మీద. ప్రతి పెరట్లోంచీ చెక్కరేవు దిగి నేరుగా స్కేటింగ్ చేసుకుంటూ పోవచ్చు, ఇళ్ళ వెనకగా, వంతెన కిందుగా, కూరగాయల తోటల మలుపు దాకా. పెద్దవాళ్ళంతా అక్కడ ఆడి పెరిగినవాళ్ళే. పిల్లలకి ఆ కాలువ తలమునకల లోతు.

యోరికె తెరవనంది. మర్నాడూ తెరవనంది. ఎవరో ఆమె తలుపు పిడికి పిల్లలు ఈతకి చేతులకు తొడుక్కునే గాలిబుడగలు తగిలించి పోయారు.

"ఏమే, నా మనవళ్ళకి పెళ్ళిళ్ళయ్యాక తెరుస్తావా?" అంది డీని.

"నీ మనవళ్ళు పెళ్ళి వయసుదాకా ఉండాలనే తెరవడం లేదు."

"అబ్బో" అంది డీని. కానీ ఆ పూట మళ్ళీ అడగలేదు.

గురువారం పొద్దున పనికి వెళ్ళేముందు యోరికె బరమా తీసుకుని కాలువ పొడుగునా నడిచింది. నడుముకి తాడు కట్టి, ఆ కొస గట్టు మీద తైస్ చేతికిచ్చింది. వంతెన దగ్గర తొలిచింది, మధ్యలో తొలిచింది, మలుపు దగ్గర తొలిచింది. ప్రతి రంధ్రంలోనూ నీళ్ళు పైదాకా ఉబికి వచ్చాయి. ఐసు నల్లగా, బుడగల్లేకుండా, కావలసినదానికంటే మందంగా ఉంది. నమ్మకం కుదరక వెనక్కి వస్తూ మళ్ళీ తొలిచింది. అంతే ఉంది.

వద్దనడానికి ఆమె దగ్గర ఇక భయం తప్ప ఏమీ మిగల్లేదు. పరీక్షగదిలో కొలత బాగుంటే, మనసు ఏమన్నా సరే, బాగుందనే రాయాలి. ఆమె వంతెన పక్కన కాలువ జెండా ఎగరేసింది. పేట గుంపులో ఫోన్ సందేశం పెట్టింది. వీధి వీధంతా తలుపులు తెరుచుకున్నాయి. ఎన్నడూ పలకరించని మనిషి సైకిలు దిగి ఆమెతో చెయ్యి కలిపాడు. బడి కూడా మధ్యాహ్నం ఐసు సెలవు ప్రకటించింది.

"బడి వదిలాక ఫెన్నాని నేను తీసుకొస్తాలే" అంది డీని. "సూపు బల్ల ఎలాగూ వంతెన దగ్గరే పెడుతున్నా. ఆ పిల్ల నా కళ్ళముందే ఉంటుంది."

"కుర్చీ ఇచ్చి దింపు. దానికింకా నిలదొక్కుకోవడం రాదు."

పిల్లలు స్కేటింగ్ నేర్చుకునేటప్పుడు ముందు ఒక వంటింటి కుర్చీ పెట్టి తోసుకుంటూ పోతారు. ఆ కుర్చీ డీనికి అప్పజెప్పి యోరికె పనికి వెళ్ళింది.

ఆమె పరీక్షగదిలో జున్ను తేమ చూసుకుంటున్న వేళకి ఇక్కడ ఏం జరిగిందో ఆమెకు తర్వాతే తెలిసింది. కానీ కథలో ఇక్కడే చెప్పుకోవాలి. మైదానం మీద ఐసు మూడు రోజుల ఆటకి గీతలు పడి గరుకైపోయింది. పిల్లలకి సెలవని విన్న బెరెన్డ్, వాళ్ళొచ్చేలోపు దాన్ని నున్నగా చేయాలనుకున్నాడు. దానికి పద్ధతి ఒకటే, పైన పలచగా నీళ్ళు పట్టించడం. ఆ నీళ్ళు ఎప్పుడూ పొడుగు కాలువలోంచే తోడతారు. విఖర్ తాత రోజుల్లో ఆ పని అందరూ ఇళ్ళకి పోయాక, సాయంత్రాలే చేసేవారు. తెల్లారేసరికి కాలువ నీరు ఊట పట్టి సర్దుకునేది. బెరెన్డ్ పట్టపగలు కాలువ ఐసుకి కన్నం పెట్టి గొట్టం దించాడు, పంపు ఆన్ చేశాడు, రొట్టె తినడానికి ఇంటికి పోయాడు. తిని, కాస్త కునుకు తీశాడు. అతను వచ్చేసరికి మైదానం మీద నీళ్ళు చెరువులా నిలిచాయి. రెండు కొసలా మట్టికట్టలున్న కాలువలోకి అంత తొందరగా మళ్ళీ నీళ్ళొచ్చే దారి లేదు.

బడి పిల్లలు కేరింతలతో వచ్చారు. మైదానం తడిగా ఉంది.

"ఇది గడ్డకట్టేదాకా అటు పొండి" అని బెరెన్డ్ కాలువ వైపు చెయ్యి చూపాడు. "మేస్త్రి జెండా ఎగరేసిందిగా."

యోరికె పని ముగించుకుని సైకిలు మీద వంతెన ఎక్కేటప్పటికి కాలువ నిండా పిల్లలున్నారు. రంగురంగుల టోపీలు, ఎర్రబడిన ముక్కులు. బఠాణీ సూపు వాసన గాలిలో తేలివస్తోంది. ఆ ఒక్క క్షణం ఆమె పేరు పిరికిది కాదు. ఇదంతా తానే తెరిచింది కదా అని ఆమెకు లోపల ఏదో వెచ్చబడింది.

అప్పుడు మైదానం ఖాళీగా, నీళ్ళతో మెరుస్తూ కనబడింది. దాని పక్కన కాలువలోకి దిగిన పంపు గొట్టం కనబడింది.

ఆమె సైకిలు గోడకి ఆనించి, పరుగెత్తకుండా, దగ్గరి చెక్కరేవు మీదికి దిగింది. రేవు గుంజకి అంటుకున్న ఐసు పట్టీ అలాగే ఉంది. దానికి ఆనుకుని ఉండాల్సిన పలక మాత్రం కాస్త కిందికి వంగి, అంచున చీలిక ఇచ్చింది. మోకాళ్ళ మీద కూర్చుని పిడికిలితో తట్టింది. పొద్దున అదే చోట గట్టిగా, పొట్టిగా పలికిన ఐసు ఇప్పుడు డోలులా మోగింది. చేతిగ్లౌజు తీసి చీలికలోంచి వేళ్ళు కిందికి పోనిచ్చింది. వేళ్ళకి నీళ్ళు తగల్లేదు. అరచెయ్యంతా లోపలికి పోయింది. అంతా గాలే.

ఆ రేకు మీద ముప్ఫై నలభై మంది పిల్లలు ఎగురుతున్నారు.

ఆమె గొంతులోకి కేక వచ్చింది. పళ్ళు బిగపట్టి దాన్ని మింగింది. అరిస్తే అందరూ ఒక్కసారిగా వంతెన దగ్గరి రేవుకి పరుగెడతారు. అందరి బరువూ ఒకచోట పడుతుంది. తల్లులూ తండ్రులూ వాళ్ళకోసం పైనుంచి దూకుతారు. మెదడు ఆ లెక్క చేసి పెట్టింది. ఫెన్నా ఎక్కడుందో చూడకూడదని అనుకుంది. చూస్తే ఇంకే పనీ చేయలేదు. అయినా చూసింది. కనబడలేదు.

సూపు బల్ల దగ్గరికి వెళ్ళి డీని మోచెయ్యి పట్టుకుంది.

"డీనీ, నవ్వుతూ విను. బెరెన్డ్ కింద నీళ్ళు తోడేశాడు. ఐసు బోలుగా వేలాడుతోంది."

డీని చేతిలో గరిటె ఆగిపోయింది.

"అరవకు. నీ మొహం కూడా అరవకూడదు. ఫోన్ తియ్యి. కాలువ పక్క ఇళ్ళవాళ్ళందరికీ పెట్టు. పెరటి తలుపులు తెరవమను. ఎవరి రేవు ముందు ఏ పిల్లలుంటే వాళ్ళని మామూలుగా పిలవమను. ఒక్కొక్కళ్ళనే పైకి లాగాలి. పెద్దవాళ్ళెవరూ దిగకూడదు."

"ఏమని పిలవమనను?"

"ఏదో ఒకటి. చాక్లెట్ పాలనో, గ్లౌజులు తడిశాయనో. వాళ్ళమ్మలు రోజూ ఏమని పిలుస్తారో అదే."

డీని ఫోన్ తీసి సందేశం పెట్టింది. కాసేపటికి ఒక పెరటి తలుపు తెరుచుకుంది. దాని వెనక మరొకటి. యోరికె జీవితంలో విన్నవాటిలో అంత భయంకరమైన శబ్దం లేదు, వీధి పొడుగునా ఆడవాళ్ళూ మగవాళ్ళూ రేవుల మీద నిలబడి మామూలు గొంతులతో పిల్లల్ని పిలుస్తున్న ఆ శబ్దం.

"యెల్లె, ఇలా రా, ముక్కు తుడుచుకో."

"ఒక్క నిమిషం."

"ఒక్క నిమిషం లేదు, గిన్నె చల్లారిపోతోంది. నువ్వొక్కడివే రా, వాణ్ణి తర్వాత రమ్మను."

పిల్లలు సణుగుతూ, విసుక్కుంటూ ఒక్కొక్కరే రేవుల దగ్గరికి చేరుతున్నారు. చేతులు కిందికి చాచి వాళ్ళని ఎత్తి లాగేసుకుంటున్నారు. కాలువ లోపల్నుంచి పొడుగ్గా ఒక మూలుగు వచ్చింది. ఈ కొస నుంచి ఆ కొస దాకా పాకిపోయింది. పిల్లలకి అది సరదాగా ఉంది. ఇద్దరు ముగ్గురు దాన్ని అనుకరించి మూలిగారు.

నీలం టోపీ పెట్టుకున్న ఒక కుర్ర తండ్రికి విషయం అర్థమై రేవు అంచు నుంచి కాలు కిందికి చాచాడు. యోరికె వెనకనుంచి అతని కాలరు పట్టుకుంది.

"వదులు, మా వాడు మధ్యలో ఉన్నాడు."

"మా అమ్మాయి కూడా అక్కడే ఎక్కడో ఉంది. నువ్వు దిగావంటే నీతోపాటు వాడూ పోతాడు. పిలువు. కూర్చుని పిలువు."

అతను కూర్చున్నాడు. యోరికె కొడుకు పేరేమిటని అడిగి తానే పిలిచింది. వాడు రొప్పుకుంటూ వచ్చాడు, పడ్డాడు, లేచాడు, తండ్రి చేతికందాడు. ఆ తండ్రి కొడుకు టోపీలో మొహం దాచుకున్నాడు.

కాలువ మీద పిల్లలు పలచబడ్డారు. అప్పుడు దూరాన, మలుపు దగ్గర, పసుపుపచ్చ కోటు కనబడింది. ఫెన్నా అటు తిరిగి, వంటింటి కుర్చీని తోసుకుంటూ, నింపాదిగా ఇంకా దూరం పోతోంది. అక్కడ ఇళ్ళు లేవు. రేవుల్లేవు. కూరగాయల తోటలు, రెల్లు, అంతే.

యోరికె గట్టు వెంబడి నడిచింది. పరుగెత్తాలని ఒళ్ళంతా కొట్టుకుంటోంది. పరుగెడితే అది చూసి పిల్ల ఎదురు పరుగెడుతుంది. వెనక నుంచి బెరెన్డ్ పంపు షెడ్డులోని పొడుగు నిచ్చెన భుజాన వేసుకుని వస్తున్నాడు. ఎవరూ చెప్పకుండానే అతనూ పరుగెత్తడం లేదు.

"ఫెన్నా" అని పిలిచింది. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినబడింది. మెల్లగా, తియ్యగా, రొట్టె మీద తేనె రాసినట్టుంది.

ఫెన్నా తిరిగి చూసింది. "అమ్మా, చూడు, నేను ఇంత దూరం వచ్చేశా."

"చూశానురా. చాలా బాగా వచ్చావు. అక్కడే నిలబడు."

"ఎందుకు?"

"ఒక ఆట ఆడదాం. కుర్చీ వదిలేసి పొట్ట మీద పడుకో."

"కోటు తడుస్తుంది. డీని అత్త తిడుతుంది."

"తిట్టదు. నేను చెప్పానులే."

"కుర్చీ?"

"కుర్చీ అక్కడే ఉండనియ్. తర్వాత తెచ్చుకుందాం. సముద్రపొడ్డున సీలు జంతువు పాకుతుంది చూడు, అలా పాకుతూ నా దగ్గరికి రా. మెల్లగా రావాలి. ఎంత మెల్లగా వస్తే అంత గెలిచినట్టు."

ఫెన్నా నవ్వుతూ పడుకుంది. పిల్ల పడుకోగానే కుర్చీ కాళ్ళ చుట్టూ సాలెగూడులా గీతలు పరుచుకున్నాయి. శబ్దం కాస్త ఆగి వినబడింది. ఫెన్నా నవ్వు ఆగిపోయింది.

"అమ్మా, ఏదో విరిగింది."

"అవును. రా తల్లీ. నన్నే చూస్తూ రా."

"నీళ్ళొస్తున్నాయా?"

"నన్ను చూడు. నా ముక్కు చూడు. ముక్కు ఎర్రగా ఉందా?"

"ఉంది."

"ఎంత ఎర్రగా?"

ఫెన్నా మోచేతుల మీద పాకుతోంది. గట్టు పక్కన రెల్లు దగ్గర ఐసు అన్నిటికంటే అధ్వాన్నంగా చీలి ఉంది. బెరెన్డ్ గట్టు మీద బోర్లా పడుకుని నిచ్చెనని చప్పుడు కాకుండా ఐసు మీదికి జరిపాడు. పెద్ద మనిషి, ఆ నిచ్చెన మీద చేతులు పసిపిల్లని పడుకోబెడుతున్నట్టున్నాయి.

"మెట్టు పట్టుకోమ్మా" అన్నాడు. "రెండు చేతులతో. పట్టుకున్నావా? ఇక వదలకు."

ఇద్దరూ కలిసి లాగారు. నిచ్చెనా, నిచ్చెన మీద పిల్లా గట్టు దాకా జారి వచ్చారు. యోరికె చెయ్యి ఆ పసుపు కోటు మీద పడ్డ క్షణానే వెనక పలక ఒకటి ఒక పక్కకి ఒరిగింది. కుర్చీ దాని మీద జారుతూ, ఎవరో కూర్చోబోతున్నట్టు వెనక్కి వాలి, నల్లటి నీళ్ళలోకి పోయింది. పెద్ద చప్పుడేమీ కాలేదు.

ఫెన్నా కుర్చీ ఉన్న చోటుకేసి చూసింది. తర్వాత తల్లి మొహంకేసి చాలాసేపు చూసింది. ఏడవలేదు.

కాలువ జెండా దించేశారు. సూపు బల్ల దగ్గర జనం మూగారు. బెరెన్డ్ ఒక బకెట్టు బోర్లించుకుని కూర్చున్నాడు.

"నువ్వు మంచిదని చెప్పావు" అన్నాడు నీలం టోపీ తండ్రి. గొంతులో ఇందాకటి భయమంతా కోపమై తిరిగొచ్చింది. "జెండా చూసే వదిలాం పిల్లల్ని."

"చెప్పాను" అంది యోరికె.

"నేను తోడాను" అన్నాడు బెరెన్డ్ నేలకేసి చూస్తూ. "ఆమెని అడగలేదు."

"తోడొద్దని నేనూ నీకు చెప్పలేదు" అంది ఆమె. "కొలవడం వరకే అనుకున్నా."

కర్ర పొడుచుకుంటూ విఖర్ తాత వచ్చాడు. పంపు గొట్టం పెట్టిన కన్నం దగ్గర వంగి లోపలికి చూశాడు.

"ఎవరైనా తడిశారా?"

"కుర్చీ ఒక్కటే" అంది డీని. ఎవరూ నవ్వలేదు.

తాత యోరికె పక్కన నిలబడ్డాడు. ఆయన ఓదారుస్తాడని ఆమె అనుకుంది.

"వచ్చే వారం కూడా చలేనట. రెండు రోజుల్లో మళ్ళీ అడుగుతారు, ఎప్పుడు తెరుస్తావని."

"తెరవను తాతా. బరమా తీసుకుపోండి."

"తీసుకుపోతా. అప్పుడు జెండా లేకుండానే దిగుతారు. కొలిచేవాళ్ళు లేకుండా."

బరమా ఆయన తీసుకోలేదు. ఆమె ఇవ్వనూ లేదు.

ఆ సాయంత్రం తైస్ బస్సు డ్యూటీ దిగి వచ్చేసరికి బంగాళదుంపలు, పచ్చాకు కలిపి మెదిపిన ముద్దా, సాసేజీ బల్ల మీద ఉన్నాయి. మూడు కుర్చీలున్నాయి. నాలుగో కుర్చీ చోటుకేసి అతను ఒకసారి చూశాడు. వీధిలో అప్పటికే విన్నాడు. ఫెన్నా పెట్టిందంతా తింది. స్నానం చేసింది. మాట్లాడింది తక్కువ. పడుకునే ముందు ఒక్కటే అడిగింది.

"అమ్మా, అది ఆట కాదు కదా?"

"కాదు."

"నీకు భయం వేసిందా?"

"చాలా."

"నీ గొంతులో లేదు" అంది ఫెన్నా, గోడ వైపు తిరుగుతూ.

మర్నాడు పొద్దున యోరికె త్వరగా లేచింది. రోజూలాగా కూతురి మీద ఇవాళ గొంతు లేపకూడదని అనుకుంది. పాలు వెచ్చబెట్టింది, రొట్టె మీద చాక్లెట్ పలుకులు చల్లింది. మెట్ల కింద నిలబడి మెల్లగా, తియ్యగా పిలిచింది.

"ఫెన్నా, రా తల్లీ. మెల్లగా దిగి రా."

పైన అడుగుల చప్పుడు మొదలై ఆగిపోయింది. యోరికె తలెత్తి చూసింది. ఫెన్నా మెట్ల మధ్యలో, ఒక కాలు కింది మెట్టు మీదికి చాచి, అలాగే బిగుసుకుపోయి ఉంది. రెండు చేతులతో కమ్మీ పట్టుకుంది. వేళ్ళు తెల్లబడ్డాయి. తన కాళ్ళ కింద ఉన్న చెక్కకేసి చూస్తోంది.

"అమ్మా" అంది, దాదాపు వినబడకుండా. "నేను కదలొచ్చా?"

యోరికె నోరు తెరిచింది. ఎంత మెత్తగా చెబితే ఈ పిల్ల అంత భయపడుతుందని ఆమెకు అర్థమైంది. తన దగ్గరున్న మంచి గొంతు నిన్న కాలువలో పోయిందని అర్థమైంది. ఆమె చేతిలోని గరిటెతో మెట్ల కమ్మీ మీద టంగుమని కొట్టింది.

"కదలొచ్చా ఏంటి, ఎనిమిదింపావు అయింది. బూట్లేవి, సంచి ఏది? రోజూ ఇదే వరస నీతో. దిగుతావా, నన్నే పైకి రమ్మంటావా?"

ఫెన్నా భుజాలు కిందికి జారాయి. "వస్తున్నానమ్మా, అరుస్తావెందుకు?" అని సణుక్కుంటూ, రెండేసి మెట్లు దూకుతూ దిగి వచ్చింది. యోరికె ఆమె వెంట పడి కోటు గుండీలు పెట్టేదాకా, సైకిలు మీద కూర్చోబెట్టేదాకా, వీధి చివర మలుపు తిరిగేదాకా అరుస్తూనే ఉంది.